జూలో జంతువుల ఫొటోలకు టెలిఫొటో జూమ్ లెన్స్: కొనేముందు కొలుచుకోండి

కెమెరా షాపుకి వెళ్లి "జూలో ఫొటోలకు ఏ లెన్స్ మంచిది" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఎంఎంలలోనే వస్తుంది. అది ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ దూరాన్ని ఎంత దగ్గరకు లాగుతుందో చెప్పే అంకె; ఎంత పెద్దదైతే అంత దగ్గరగా కనిపిస్తుంది. 300 చాలంటారు, లేదా 600 తీసుకోమంటారు. నిజానికి జూలో లెన్సును తేల్చేది జంతువుకూ మనకూ మధ్య ఉన్న అడ్డం. కొన్నిచోట్ల అది కందకం, కొన్నిచోట్ల ఇనుప జాలీ, ఇంకొన్నిచోట్ల అద్దం. మూడింటికీ లెన్స్ నుంచి కావాల్సిన గుణాలు వేరు. ఒకదానికి అమరిన లెన్స్ ఇంకొకదాని ముందు చేతులెత్తేస్తుంది.

అడవిలో జంతువు ఎంత దూరంలో కనిపిస్తుందో ముందుగా చెప్పలేం. జూలో ఆ ఇబ్బంది లేదు. ఎన్‌క్లోజర్ కట్టిన రోజే దూరం ఖరారైపోయింది, కాబట్టి డబ్బు కట్టకముందే కొలుచుకోవచ్చు. ఇక్కడ హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కును ఉదాహరణగా తీసుకుందాం. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో 1963లో తెరిచిన ఈ జూలో కందకాల వెనుక పులులు, సింహాలు, జాలీల వెనుక పక్షులు, అద్దాల వెనుక పాములు, బస్సులో వెళ్లే సఫారీ, నిశాచర జంతువుల చీకటి ఇల్లు ఉన్నాయి. అంటే లెన్సుకు ఎదురయ్యే పరీక్షలన్నీ ఒకేచోట దొరుకుతాయి. విశాఖ, తిరుపతి జూలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ముందు కిట్ లెన్సుతో ఒక పూట తిరగండి

కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్ చాలు. 55 దగ్గర పెట్టి, అపర్చర్ ప్రయారిటీలో ఎఫ్ 5.6, ఐఎస్‌వో 1600 పెట్టుకోండి. అపర్చర్ అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ నంబరు చిన్నదైతే రంధ్రం పెద్దది; ఐఎస్‌వో అంటే కాంతికి కెమెరా స్పందించే తీరు, పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫొటో వస్తుంది కానీ నాణ్యత తగ్గుతుంది. మీకు ఇష్టమైన ఎన్‌క్లోజర్లు ఏడెనిమిది ఎంచుకుని, సందర్శకుల రెయిలింగ్ దగ్గర నిలబడి, జంతువు పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఒక్కో ఫొటో తీయండి. ప్రతిచోటా మూడు సంగతులు రాసుకోండి: అడ్డం ఏమిటి, కెమెరా చూపించిన షట్టర్ స్పీడ్ (సెకనులో ఎన్నో వంతు కాంతి లోపలికి వచ్చిందో) ఎంత, టైమ్ ఎంత. సోమవారం నెహ్రూ జూకి సెలవు. కెమెరాకు విడిగా టికెట్ ఉంటుంది, గేటు దగ్గరే తీసుకోండి.

ఇంటికొచ్చాక ఫొటోను కంప్యూటర్లో తెరిచి, ఫ్రేమ్ వెడల్పులో జంతువు ఎన్నో వంతు ఉందో స్కేలు పెట్టి చూడండి. ఐదో వంతు ఉందనుకోండి. మీకు ఫ్రేమ్‌లో ఐదింట నాలుగు వంతులు నిండాలి. నాలుగు రెట్లు పెరగాలి కాబట్టి 55ను నాలుగుతో గుణిస్తే 220 ఎంఎం. అదే కెమెరాతో తీస్తారు గనక సెన్సర్ సైజును బట్టి మార్చుకునే క్రాప్ ఫ్యాక్టర్ గొడవే లేదు. దూరం కొలవాల్సిన పని కూడా లేదు.

దూరం అంచనాగా తెలిస్తే ఇంకో దారి ఉంది. దూరాన్ని మీటర్లలో తీసుకుని, సెన్సర్ (కెమెరాలో బొమ్మను పట్టే చిప్) వెడల్పుతో గుణించి, ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్ల వెడల్పు పట్టాలో దానితో భాగించండి. నికాన్, సోనీ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాల సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం, కెనాన్‌ది 22.3, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలది 36.

పులి 20 మీటర్ల దూరంలో ఉంది, చుట్టూ కాస్త జాగా వదిలి మొత్తం ఒళ్లు రావాలంటే 2.5 మీటర్లు పట్టాలి. 20 × 23.5 ÷ 2.5 = 188 ఎంఎం. తలా, ఛాతీ చాలనుకుంటే 300 దగ్గర 1.57 మీటర్ల వెడల్పు వస్తుంది, సరిపోతుంది. ముఖం మాత్రమే నిండుగా కావాలంటే 600 పైచిలుకే కావాలి. అయితే 24 మెగాపిక్సెల్ ఫొటోను వెడల్పులో సగానికి కత్తిరించినా 6 మెగాపిక్సెల్ మిగులుతుంది. 10 అంగుళాల ప్రింటుకు, ఫోన్లో చూడటానికి అది బాగా చాలు. 300 లెన్స్ చాలామందికి సరిపోవడానికి కారణం ఇదే.

లెక్కను రెండో వైపు నుంచి కూడా చేయండి, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. జిరాఫీ ఎత్తు దాదాపు 5 మీటర్లు. 15 మీటర్ల నుంచి కెమెరా నిలువుగా పట్టి మొత్తం తీయాలంటే 70 ఎంఎం కావాలి. 150-600 తగిలించుకుని వెళ్తే, 150 దగ్గర కూడా ఫ్రేమ్‌లో పట్టేది 2.35 మీటర్లే. మెడ వస్తుంది, కాళ్లు రావు. ఏనుగు దగ్గరా ఇదే కథ. జూ లెన్స్ కొనేటప్పుడు పెద్ద నంబరు ఎంత ముఖ్యమో చిన్న నంబరూ అంతే ముఖ్యం.

2. అడ్డం ఏమిటో దాన్ని బట్టి లెన్స్

కందకం సులువైన కేసు. మధ్యలో ఖాళీ గాలే ఉంటుంది, దూరం మాత్రం ఎక్కువ. ఇక్కడ ఫోకల్ లెంగ్త్ పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక కాంక్రీటు, రాళ్ల మీద నుంచి వేడిగాలి లేస్తూ ఉంటుంది. పులి మీసాలు కరిగినట్టు, ఫోకస్ తప్పినట్టు కనిపిస్తాయి. తప్పు లెన్సుది కాదు. ఇంకా పొడవు లెన్స్ పెడితే ఆ అలలే పెద్దవిగా కనిపిస్తాయి. పొద్దున గేటు తెరిచిన మొదటి రెండు గంటల్లో తీయడం తప్ప దీనికి మందు లేదు.

జాలీ దగ్గర అసలు విద్య ఉంది. ఐదు సెంటీమీటర్ల గళ్లు, మూడు మిల్లీమీటర్ల తీగ ఉన్న జాలీ అనుకుందాం. దాన్ని ఫొటోలోంచి మాయం చేసేది ఎఫ్ నంబరు ఒక్కటే కాదు, అపర్చర్ రంధ్రం అసలు వెడల్పు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే అది తెలుస్తుంది. 300 దగ్గర ఎఫ్ 5.6 అంటే 54 ఎంఎం. 250 దగ్గర ఎఫ్ 5.6 అంటే 45. 400 దగ్గర ఎఫ్ 8 అంటే 50. 200 దగ్గర ఎఫ్ 2.8 అంటే 71. జంతువు కంటి నుంచి బయల్దేరిన కాంతి ఇంత వెడల్పు కిటికీ గుండా లోపలికి వస్తుంటే, మధ్యలో మూడు ఎంఎం తీగ ఆపగలిగేది కొంచెమే. ఫొటోలో తీగ గీతలా కనిపించదు, కాస్త వెలుగు తగ్గుతుంది, అంతే. అదే ఎఫ్ 16కి మూసేస్తే కిటికీ 19 ఎంఎంకు కుంచించుకుపోతుంది. అప్పుడు తీగ నీడలు చారలు చారలుగా పడతాయి.

ఎఫ్ 8 అన్న అంకె చూసి "స్లో లెన్స్ (తక్కువ కాంతి తెచ్చేది), జాలీకి పనికిరాదు" అని కొట్టేయకండి. 400 దగ్గర ఎఫ్ 8, 250 దగ్గర ఎఫ్ 5.6 కంటే జాలీని బాగా కరిగిస్తుంది. జూమ్ మధ్యలో, 135 దగ్గర ఎఫ్ 5లో ఆగితే కిటికీ 27 ఎంఎమ్మే. కాబట్టి జాలీ ముందు జూమ్‌ను చివరిదాకా లాగండి.

రెండో షరతు దూరాల లెక్క. జాలీ మీ లెన్సుకు దగ్గరగా, జంతువు జాలీకి దూరంగా ఉండాలి. జాలీ ఒకటిన్నర మీటర్ల దూరంలో, జంతువు 15 మీటర్ల దూరంలో ఉంటే ఆ 54 ఎంఎం కిటికీలో తొంభై శాతం అలాగే ఉంటుంది. జాలీ సరిగ్గా సగం దూరంలో ఉంటే కిటికీ కూడా సగమైపోతుంది. చిరుత వచ్చి జాలీకి ఆనుకుని పడుకుంటే ఎంత ఖరీదైన లెన్సయినా ఏమీ చేయలేదు. అది లేచి వెనక్కి నడిచేదాకా ఆగాలి. రెయిలింగ్ దాటి జాలీకి లెన్స్ ఆనించే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆ మీటరున్నర జాగా పంజా అందుకునే దూరాన్ని చూసుకుని వదిలింది.

మూడోది ఎండ. మీ వైపు జాలీ మీద ఎండ పడితే తీగలు తెల్లగా మెరుస్తాయి, ఫొటో అంతా పాలు కలిపినట్టు పల్చబడుతుంది. నీడపడిన భాగం వెతుక్కోండి. లేదా పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు తీయండి.

ఇక ఫోకస్. కెమెరా జంతువును వదిలి తీగనే పట్టుకుంటుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టుకుని, దాన్ని గడి మధ్యలోంచి కంటి మీదకు తెచ్చుకోండి. ముందు ఫోకస్ రింగును చేత్తో తిప్పి జంతువు సుమారుగా స్పష్టంగా కనిపించేలా చేసి, అప్పుడు షట్టర్ సగం నొక్కితే కెమెరా తీగ వైపు పోదు. కొన్ని లెన్సుల మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటుంది. దాన్ని దూరం వైపు పెడితే దగ్గరున్న జాలీ దాని లెక్కలోకే రాదు. జాలీ వెనుక పక్షులు ఎక్కువగా తీసేవాళ్లు ఈ స్విచ్ ఉన్న లెన్సునే చూసుకోవాలి.

అద్దం దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చూడాల్సింది లెన్స్ కనీస ఫోకస్ దూరం. అది సెన్సర్ నుంచి కొలిచే దూరం, లెన్స్ చివరి నుంచి కాదు. టామ్రాన్ 150-600 జీ2కి 2.2 మీటర్లు, సిగ్మా 150-600 కాంటెంపరరీకి 2.8 మీటర్లు కావాలి. పాము అద్దానికి అర మీటరు లోపల చుట్ట చుట్టుకుని ఉంటే మీరు రెండు మీటర్లు వెనక్కి రావాలి. వెనక్కి వచ్చారంటే అద్దంలో మీ చొక్కా, ట్యూబ్‌లైటు, పక్కనున్న పిల్లలు అందరూ ఫొటోలోకి వచ్చేస్తారు. కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం 0.85 మీటర్లకే ఫోకస్ అవుతుంది. అద్దం దగ్గర ఈ చిన్న లెన్స్ ఆ రెండు కిలోల లెన్సులను దాటిపోతుంది.

అద్దానికి ఒక రబ్బరు హుడ్ కొనండి. మెత్తగా ఆనించి నల్లగుడ్డ కప్పితే ప్రతిబింబాలు పోతాయి. అద్దానికి నిటారుగా నిలబడాలి. ఏటవాలుగా తీస్తే మందపాటి అద్దం బొమ్మను చెదరగొడుతుంది, టెలిఫొటోలో అది ఇంకా ఎక్కువ. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి, అదీ ఒక అద్దమే. ఫ్లాష్ వద్దు. ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న దీపాన్ని కూడా మెనూలో ఆపేయండి.

సఫారీ బస్సులో జంతువు ఒక్కోసారి బాగా దగ్గరికి వస్తుంది, పైగా బస్సు కదులుతూ ఉంటుంది. అక్కడ 55 లేదా 70తో మొదలయ్యే జూమే కావాలి. లెన్సును కిటికీ చట్రానికి ఆనించకండి, ఇంజిన్ వణుకు మొత్తం ఫొటోలోకి వస్తుంది.

3. రాసుకున్న షట్టర్ స్పీడులు ఏం చెబుతున్నాయి

ఐఎస్‌వో 1600, ఎఫ్ 5.6 దగ్గర మీ చీటీలో 1/500 లేదా అంతకన్నా వేగం ఉంటే మామూలు 70-300 హాయిగా నడుస్తుంది. 1/60 అని ఉంటే ఆలోచించాలి. నడిచే జంతువుకు కనీసం 1/250 కావాలి, అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాప్‌కు కాంతి రెట్టింపు). ఐఎస్‌వోను 6400కి పెంచాలి, లేదా నాలుగు రెట్లు కాంతి తెచ్చే ఎఫ్ 2.8 లెన్స్ కొనాలి. 6400 దగ్గర మీ కెమెరా ఇచ్చే ఫొటో మీకు నచ్చితే ఎఫ్ 2.8 మీద లక్ష పైన పెట్టాల్సిన పని లేదు. ఇది కూడా ఆ పూటే తీసి చూసుకోండి. నిశాచర జంతువుల ఇల్లు ఈ లెక్కలోంచి తీసేయండి. పగలు వాటికి రాత్రిలా ఉండాలనే ఆ చీకటి ఏర్పాటు చేశారు. దానికోసం లెన్స్ కొనడం దండగ, కెమెరా దించి కళ్లతో చూడండి.

ఇక స్టెబిలైజేషన్. కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ, సిగ్మా ఓఎస్. ఇవన్నీ ఆపేది మీ చేతి వణుకునే, పులి నడకను కాదు. ఏపీఎస్-సీ మీద 300 ఎంఎం చేత్తో పట్టుకుని తీస్తే 1/500 ఉండాలన్నది పాత సూత్రం. మంచి స్టెబిలైజేషన్ ఉంటే నిద్రపోతున్న సింహాన్ని 1/60 దగ్గర కూడా తీయొచ్చు. కోతి గెంతితే 1/1000, పక్షి ఎగిరితే 1/1600 పెట్టాల్సిందే, ఏ స్విచ్ ఉన్నా సరే.

4. ఏ లెన్స్ ఎవరికి

కెనాన్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. బరువు 375 గ్రాములు. కెమెరాతో రెండు లెన్సులు ఇచ్చే డబుల్ కిట్‌లో అంటగట్టే 75-300 కంటే దీనికి 50 ఎంఎం తక్కువే, కానీ ఆ 75-300లో స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది. 55-250 ఫొటోను కత్తిరించుకున్నా దానికన్నా బాగుంటుంది.

నికాన్ ఏపీఎస్-సీ వాళ్లకు ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్, 415 గ్రాములు. ఇక్కడ రెండు గోతులున్నాయి. ఇదే లెన్స్ వీఆర్ లేకుండా కూడా అమ్ముతారు, చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లెన్స్ మీద వీఆర్ అన్న అక్షరాలు కళ్లారా చూడండి. రెండోది, డీ90, డీ3100, డీ5100 లాంటి పాత బాడీల మీద ఏఎఫ్-పీ లెన్సులు ఫోకస్ చేయవు. మీ మోడల్ నంబరు చెప్పి, షాపులోనే తగిలించి చూసుకోండి.

సోనీ ఏపీఎస్-సీకి 70-350 జీ చక్కగా అమరుతుంది, 625 గ్రాములు. ఈ జాబితాలో జూ అవసరానికి బాగా దగ్గరగా ఉన్న లెన్స్ ఇదే అని చెప్పొచ్చు. చిన్న చివర జిరాఫీకి, పెద్ద చివర, కాస్త కత్తిరించుకుంటే, పులి ముఖానికి సరిపోతుంది. కెనాన్ ఆర్ సిరీస్ (మిర్రర్‌లెస్ కెమెరాలు) వాళ్లకు ఆర్‌ఎఫ్ 100-400, 635 గ్రాములు, కనీస ఫోకస్ దూరం 0.88 మీటర్లు. ఎఫ్ 8 కాబట్టి నీడలో ఐఎస్‌వో ఎక్కాల్సి వస్తుంది. ఎండలో, జాలీ దగ్గర, అద్దం దగ్గర మూడుచోట్లా పనికొస్తుంది.

సిగ్మా 100-400 కాంటెంపరరీ 1160 గ్రాములు. కందకం ఎన్‌క్లోజర్లే మీ లోకమైతే దీన్ని చూడండి, లిమిటర్ స్విచ్ కూడా ఉంది. 150-600 లెన్సులు రెండు కిలోల చుట్టూ తూగుతాయి. కొల్లేరుకో నేలపట్టుకో కూడా వెళ్లేవాళ్లకు అవి న్యాయం చేస్తాయి. జూ కోసమే అయితే వద్దనే చెబుతాం. 380 ఎకరాలు తిరిగేసరికి రెండో గంటలోనే భుజం పట్టేస్తుంది, చేయి వణుకుతుంది, ఆ వణుకు ఫొటోలో కనిపిస్తుంది.

70-200 ఎఫ్ 2.8 మీద మనసుంటే ముందు ఒక రోజు అద్దెకు తెచ్చుకోండి. జాలీని కరిగించడంలో, చెట్టు నీడలో దానికి సాటి లేదు. కందకం దగ్గర 200 పొట్టిగా ఉంటుంది. దానికి 1.4 రెట్ల కన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచే చిన్న ముక్క) తగిలిస్తే 280 ఎఫ్ 4 అవుతుంది, అది మంచి జోడీ. చవక 70-300కి కన్వర్టర్ ఆలోచన వద్దు. చాలావాటికి అసలు తగలదు, తగిలినా ఫోకస్ తడబడుతుంది. 18-300 లాంటి ఒక్క లెన్స్ యాత్రలకు బాగుంటుంది, చివరి 300 దగ్గర మాత్రం మెత్తదనం ఒప్పుకోవాలి.

5. షాపులో చేయాల్సిన పరీక్ష

మీ కెమెరా, ఖాళీ కార్డు తీసుకెళ్లండి. అక్షరాలు లేదా ఇటుకలు ఉన్న గోడను పెద్ద చివర దగ్గర పూర్తి అపర్చర్‌తో, తర్వాత ఎఫ్ 8తో ఐదేసి ఫొటోలు తీయండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక్క మూల మాత్రమే చెదిరి ఉంటే లోపల గాజు పక్కకు జరిగింది, ఇంకో పీస్ అడగండి. లెన్సును కిందికి వంచి జూమ్ దానంతట అదే జారుతోందేమో చూడండి. సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ కలవాలి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే జేబులో చిన్న టార్చి ఉండాలి. రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచిన స్థితిలో, వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగైదు దుమ్ము రవ్వలు ఉంటే భయం లేదు, ఫొటోలో కనిపించవు. గాజు అంచు నుంచి లోపలికి సన్నగా, చెట్టు వేళ్లలా కొమ్మలు చీలుతూ పాకిన తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. పొగమంచులా పల్చటి తెర కనిపిస్తే గాజు మసకబారింది. రెండింట్లో ఏది ఉన్నా ధర ఎంత తగ్గించినా వద్దు. శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు ఆ తగ్గింపును మింగేస్తుంది, పైగా ఫంగస్ గాజు పూతను తినేసి ఉంటే శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది.

6. కొన్నాక మొదటి రోజు

షట్టర్ స్పీడ్ 1/500, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌వో ఆటోలో 6400 గరిష్ఠంగా పెట్టుకుని మొదలుపెట్టండి. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. జంతువు కంటి ఎత్తుకు వీలైనంత దగ్గరగా వంగండి. తెల్లపులి చీకటి గుహ ముందు నిలబడితే కెమెరా చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, ఒంటి మీది బొచ్చు తెల్ల కాగితంలా తేలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటో వెలుగును) ఒక స్టాప్ తగ్గించండి.

తల ఇటు తిప్పాలని ఈలలు వేయడం, చప్పట్లు కొట్టడం, పల్లీలు విసరడం వద్దు. జూలో జంతువులను రెచ్చగొట్టడం, తిండి పెట్టడం, చప్పుడుతో ఇబ్బంది పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జే సెక్షన్ కింద నేరం. పదిహేను నిమిషాలు ఒకేచోట కదలకుండా నిలబడితే అది తనే చూస్తుంది. తిండివేళ దగ్గరపడితే కీపర్ వచ్చే తలుపు వైపు చూపు నిలుపుతుంది, ఆ దిశలో చోటు చూసుకోండి.

ఏసీ కారులోంచి దిగగానే సంచి తెరవకండి. చల్లటి గాజు మీద ఉక్కపోత గాలి తగిలి ఆవిరి పడుతుంది. సంచిలోనే ఇరవై నిమిషాలు ఉంచితే సర్దుకుంటుంది. విశాఖలాంటి సముద్రతీర ఊళ్లలో, ఎక్కడైనా వానాకాలంలో లెన్సును తోలు సంచిలో, బీరువాలో దాచకండి. రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటర్ పెట్టండి. తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్టు. మూకుట్లో సన్నని సెగ మీద నీలం తిరిగి వచ్చేదాకా వేడిచేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. ఆ మూకుడు మళ్లీ వంటకు వాడకండి.